వాలీన్ సీసా

యంత్రం తెర మీద పన్నెండు అన్న అంకె కనిపించగానే నా ప్రాణం ఉసూరుమంది. వేలల్లో రావాలి. పన్నెండంటే ఏమీ లేనట్టే.

కణంలో ప్రోటీన్ తయారయ్యే చోటికి అమైనో ఆమ్లాలు తమంతట తాము వెళ్ళవు. ఒక్కోదాన్ని మోసుకుపోవడానికి ఒక్కో ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. దేనికి ఏది తగిలించాలో చూసి తగిలించేది ఎంజైమ్. నా ఎంజైమ్ పని ఐసోల్యూసిన్‌ని తగిలించడం; ఎంత తగిలించిందో తెర మీది అంకె చెబుతుంది. దాన్ని శుద్ధి చేయడానికి మూడు నెలలు నా తల ప్రాణం తోకకొచ్చింది. మంచులో ఉంచకపోతే అది చచ్చి ఊరుకుంటుంది.

ప్రత్యేక తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెతో సింగరేణి బొగ్గు ఆగింది, కరెంటు కోతలు పెరిగాయి. ఆ ఉదయం కొండాపూర్‌లోని మా ల్యాబ్‌లో కరెంటు పోయే సమయానికి జనరేటర్‌లో డీజిల్ కూడా లేదు. బస్సుల్లేక లింగంపల్లి నుంచి నడిచొచ్చిన అటెండర్ ఎల్లేశం, ఎంజైమ్ డబ్బాను ఐసు బకెట్లో పెట్టాడు.

"ఫికర్ జెయ్యకున్రి మేడం, మంచుల వెట్టిన. కొత్తగూడ చౌరస్తాల వంటావార్పు ఉన్నది, జర పోయి జల్దీ వస్త" అన్నాడు.

నేను ఊ అన్నాను. సెల్‌ఫోన్ వెలుతురులో అన్నీ కలిపి పెట్టుకున్నాను. కరెంటు వచ్చాక ప్రయోగం నడిపితే వచ్చింది ఈ పన్నెండు.

బకెట్లోకి చూస్తే సగం నీళ్ళు. ఒళ్ళు మండిపోయింది. వెంటనే మా ల్యాబ్ పెద్ద చలపతిరావు సార్‌కి ఫోన్ చేశాను. ఆయన ఢిల్లీ విమానం ఎక్కబోతున్నారు.

"ఎల్లేశం ఎంజైమ్‌ని చంపేశాడండీ! మంచు చూస్తుండమని నాలుగుసార్లు చెప్పాను. రోడ్డు మీద వంటలంటూ పోయాడు."

నిజానికి నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.

"చాలమ్మా కిరణ్మయీ, ఇక ఊరుకోను. అతన్ని పనికి పంపిన ఏజెన్సీవాళ్ళకి చెప్పేస్తాను, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు సార్.

బాగా అయింది అనుకుంటూ బల్ల సర్దబోయాను. ఐసోల్యూసిన్ అనుకుని నేను వాడిన సీసా చేతికొచ్చింది. దాని మీద వాలీన్ అని ఉంది.

వాలీన్, ఐసోల్యూసిన్ ఇంచుమించు కవలపిల్లలు. ఎంజైమ్ కూడా అప్పుడప్పుడు మోసపోయి వాలీన్‌ని తగిలిస్తుంది. కానీ వదిలే ముందు ఇంకోసారి చూసుకుని, తప్పుదాన్ని విప్పి పారేస్తుంది. పొద్దున్నుంచీ అది చేస్తున్నది నేను పోసిన తప్పును విప్పడమే. అయ్యో, ఎంత పని చేశాను!

సరైన సీసాతో, అదే డబ్బాలోని ఎంజైమ్‌తో మళ్ళీ చేశాను. ఎనిమిది వేల ఆరు వందలు. ఎంజైమ్ నిక్షేపంలా ఉంది.

సార్ ఫోన్ స్విచాఫ్. ఏజెన్సీకి చేశాను.

"గిప్పుడే ఎల్లేశంకు చెప్పినం మేడం. సార్ చెప్తెనే మళ్ల తీసుకుంటం."

ఎల్లేశం భార్య నర్సమ్మకి ఈ వారంలోనే కాన్పు. ఆమె చూపించుకునే దవాఖాన కార్డు ఈ ఉద్యోగంతోనే ఉంది. ఉద్యోగం పోతే అదీ పోతుంది. మళ్ళీ సార్‌కి చేశాను, మళ్ళీ చేశాను.

తలుపు తోసుకుని ఎల్లేశం వచ్చాడు. భుజం మీద గోనెసంచి, చొక్కా అంతా తడి.

"వంటావార్పు కాడ నీళ్లల్ల వేసెతందుకు ఐసు తెచ్చిన్రు. బతిలాడి ఓ గడ్డ తెచ్చిన. పొద్దుగాలది కరిగి ఉంటది గద" అంటూ సంచి దింపాడు. "ఏజెన్సోళ్లు ఫోన్ జేసి రేపటిసంది వద్దన్నరు మేడం. నేనేం తప్పు జేసిన్నో సమజైతలేదు. మీరు జర సార్‌కు చెప్పున్రి. మీ మాట ఇంటడు."

నేను వాలీన్ సీసా తీసి అతని ముందు పెట్టాను.

"సార్‌కి చెప్పింది నేనే, ఎల్లేశం. తప్పు సీసా పోసుకుని నీ మీద చెప్పాను. ఇప్పుడు ఆయన ఢిల్లీ విమానంలో ఉన్నారు, ఫోన్ కలవట్లేదు."

అతను నా ముఖంలోకి చూశాడు. ఐసుగడ్డను పగలగొట్టి, బకెట్లో నీళ్ళు ఒంపేసి, ముక్కల్ని డబ్బా చుట్టూ సర్ది మూత పెట్టాడు.

"సార్ ఎన్నిగొట్టంగ దిగుతడు?"

"నాలుగింటికి."

గోడ గడియారం రెండు చూపిస్తోంది. ఎల్లేశం స్టూలు లాక్కుని నా ఫోన్ ఎదురుగా కూర్చున్నాడు.

"అందాక ఈన్నే కూసుంట. నా ముంగట్నే చెప్పున్రి."