మోషే మాస్టారి ప్రయాణ ప్రార్థన

మోషే మాస్టారు ప్రార్థనకు కళ్ళు మూశారంటే పేటలో ఆడవాళ్ళు పొయ్యి మీద కందిపప్పు పడేసి మరీ వచ్చి కూర్చునేవారు. ఆమేన్ అనేసరికి పప్పు ఉడికేది, ఒక్కోసారి మాడేది కూడా. మూడు పెళ్ళిళ్ళలో భోజనాలు చల్లారిపోయిన పాపం ఆయనదే. అయినా ఎవరు ఎక్కడికి బయలుదేరినా ఆయన ప్రార్థన లేనిదే గడప దాటరు. దాటినవాడు అంజిబాబు ఒక్కడే. రాజోలు వెళ్తూ సైకిలుతో సహా కాలవలో పడ్డాడు. ఆ తరవాత ఇంకెవరూ ఆ సాహసం చెయ్యలేదు.

అలాంటి మనిషికి ఆ రోజు భార్య కాంతమ్మ ముందే గట్టిగా చెప్పింది.

"ఏవండోయ్, అయిదు నిమిషాలే. నాలుగింటి పంటెక్కి గోదారి దాటకపోతే నరసాపురంలో రైలందదు."

"ఆయ్," అన్నారు మాస్టారు బుద్ధిగా.

బయలుదేరేది ఎల్సీ దొరసాని గారు. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ బడి నడిపి, పంతొమ్మిదివందల అరవై రెండులో కెనడా వెళ్ళిపోయారు. పదహారేళ్ళ తరవాత, చచ్చేలోగా ఈ దేశం ఒక్కసారి చూడాలని పట్టుబట్టి వచ్చి రెండు నెలలున్నారు. పనసపొట్టు కూర తిన్నారు, లంకలకు పడవ మీద తిరిగారు, తన దగ్గర చదువుకున్నవాళ్ళ మనవల పేర్లన్నీ బట్టీపట్టారు. డెబ్బై నాలుగేళ్ళు, గుండె మంచిది కాదు. ఇదే ఆఖరి ప్రయాణమని డాక్టర్లు చెప్పేశారు. గేదెలు కాసుకునే మోషేకి పలకిచ్చి కూర్చోబెట్టింది ఆవిడే.

మూడింటికి కారొచ్చింది. డ్రైవరు వీరన్న చర్చి మొహం ఎరగడు గాని, మర్యాదకు తలగుడ్డ తీసి చేతులు కట్టుకున్నాడు. అందరూ కళ్ళు మూశారు.

మాస్టారు ముందు కారును దేవుడికి అప్పగించారు. తరవాత దాని నాలుగు చక్రాలనీ విడివిడిగా, డిక్కీలో ఉన్న అయిదోదాన్నీ. తరవాత పంటు, దాన్ని నడిపే సరంగు, గోదారిలో ఇసుక మేటలు. ఆపైన రైలింజను, గార్డు చేతిలో పచ్చజెండా. విమానం దగ్గరికొచ్చేసరికి మూడున్నరయింది. కాంతమ్మ ఆయన పంచె చెంగు పట్టుకు లాగింది. మాస్టారు విమానం రెక్కల మీంచి సముద్రంలోకి దిగి, అక్కడ యోనా ప్రవక్తని, ఆయన్ని మింగిన చేపని పట్టుకున్నారు.

నిజానికి ఆయనకు మాటలెప్పుడో అయిపోయాయి. ఆమేన్ అంటే ఆవిడ కారెక్కుతారు. ఎక్కితే ఇంక ఈ జన్మకు కనబడరు. అందుకని ఆమేన్ నోటిదాకా వచ్చినప్పుడల్లా మింగేసి ఇంకో ప్రవక్తను లాక్కొస్తున్నారు.

నాలుగింటికి పది నిమిషాలుందనగా ప్రవక్తలు కూడా అయిపోయారు. గతిలేక ఆమేన్ అన్నారు. జనం కళ్ళు తెరవబోయారు.

"పరలోకమందున్న మా తండ్రీ," అని దొరసాని గారు అందుకున్నారు.

ఆవిడ కారు జోలికే పోలేదు. ప్రార్థనలోనే ఇంటింటికీ వెళ్ళారు. మంగాయమ్మ మోకాళ్ళు, సాలమోను ఇంట్లో ఈనబోయే గేదె, బడి చూరు, చూరులో పిచ్చుకలు.

వీరన్న ఒక కన్ను తెరిచి, "పంటెళ్ళిపోద్దండీ," అని గొణిగాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు వీరన్నా? కళ్ళు మూసుకో," అంది కాంతమ్మ.

దొరసాని గారు ముగించేసరికి నాలుగున్నర. మద్రాసులో విమానానికి ఇంకా మూడు రోజుల టైముంది కనక ఎవరూ బాధపడలేదు. దొరసాని గారు చెప్పులు విడిచి, అరుగు మీద చేరబడి కాఫీ అడిగారు.

మర్నాడు మూడింటికి మళ్ళీ కారొచ్చింది. ఈసారి జనం తెలివిగా చాపలు తెచ్చుకున్నారు. పప్పులు పొయ్యెక్కాయి. అందరూ కళ్ళు మూశారు.

మాస్టారు మొదలుపెట్టారు.

"ప్రభువా, మా అమ్మండి. జాగ్రత్తండి. ఆమేన్."

అంతేనా అని ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. మాస్టారు కారు తలుపు తీసి పట్టుకుని, ఏడుపు దాచుకోకుండా నిలబడ్డారు.

దొరసాని గారు మాత్రం కళ్ళు తెరవలేదు.

"చక్రాలు మర్చిపోయావు మోషే," అన్నారు.

మాస్టారు తలుపు వదిలి కారు చుట్టూ తిరిగారు. ఒక్కో చక్రం మీదా చెయ్యి పెట్టి, పెదవులు కదిపి లేచారు. అయిదోది డిక్కీలో, అడుగున ఉంది. దాని మీద రెండు పెట్టెలు, పూతరేకుల డబ్బాలు, ఆవకాయ జాడీ, కొబ్బరికాయల గోనె ఉన్నాయి.

వీరన్న టైము చూసుకోలేదు. డిక్కీ తెరిచి, ఆ సామానంతా కిందకు దింపాడు.