మంగళవారం బల్లలు

ఏడో బల్ల కాళ్లు విప్పి, ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క పెట్టింది డెల్ఫియా. ఇంకా ఐదు మిగిలాయి. అరవై తొమ్మిదేళ్ల నడుము వంగినంత తేలిగ్గా లేవదు. బల్ల అంచు పట్టుకుని లేవాలి. కీళ్లు ఉబ్బిన ఆ వేళ్లకు ఎప్పుడూ బ్లీచ్ వాసనే. పద్దెనిమిదేళ్లుగా ఆ చర్చి ఊడ్చేదీ, తుడిచేదీ, తాళం వేసేదీ ఆమే.

మంగళవారాల్లో చర్చి కింది హాలు బడి అవుతుంది. ఇళ్లలోనే చదువుకునే పిల్లలు చుట్టుపక్కల కొండల్లోంచి వస్తారు. తలా ఒక పాఠం తల్లులే చెబుతారు. మధ్యాహ్నం అందరి వంటలూ కలిపి తింటారు. ఈ రోజు కొత్తగా మార్లా, ఆమె తొమ్మిదేళ్ల కూతురు కెజియా వచ్చారు. "ఒక్కరోజు చూస్తాం. నప్పకపోతే ఇక రాం," అని మార్లా ముందే చెప్పేసింది.

మొదటి పాఠంలోనే నప్పలేదు. సాలీడుకు ఎన్ని కాళ్లని రోండా టీచరు అడిగింది. కెజియా చెప్పింది. మరి కళ్లెన్ని అంది. అదీ కెజియానే చెప్పింది. చేతులెత్తిన పిల్లల వైపు చూడనైనా లేదు. నాలుగో ప్రశ్నకు కూడా నోరు తెరిచేసరికి, టబితా అనే జడల పిల్ల వెనక్కి తిరిగింది.

"మాకూ ఒకటి వదులు తల్లీ. ప్రశ్నలన్నీ నీ పేరున రాసిచ్చారా?"

హాలంతా నవ్వింది. కెజియా మెల్లగా లేచి వంటగదిలోకి వచ్చి, ఫ్రిజ్ పక్కన గోడకు ఆనుకుంది.

"ఏమైంది బంగారం?" సూపు కలుపుతూ అడిగింది డెల్ఫియా.

"ఇంట్లో అమ్మ అడిగితే నేనే చెప్పాలి. ఇంకెవరున్నారు?"

గరిటె ఆగింది. డెల్ఫియా రొట్టెల బుట్ట తీసి పిల్ల చేతికిచ్చింది.

"బల్ల దగ్గరికి పట్టుకెళ్లు. నీకొకటి తీసుకుని పక్కవాళ్లకందించు. ప్రశ్నా అంతే. కాసేపు పక్కకి పోనివ్వు."

"ఎవరికీ రాకపోతే?"

"అప్పుడు నువ్వున్నావుగా."

పిల్ల అటు వెళ్లగానే మార్లా కోట్లు చేతిమీద వేసుకుని వచ్చింది.

"వెళ్తామండీ. ఇలా నలుగురిలో నవ్వులపాలు చేయడానికా దాన్ని ఇంట్లో పెట్టుకుని చదివిస్తోంది?"

డెల్ఫియా మంట తగ్గించింది.

"మా అబ్బాయి ఎమెట్‌నీ ఇంట్లోనే చదివించానమ్మా. అప్పుడీ మంగళవారాలు లేవు. ఉన్నా పంపేదాన్ని కాదేమో. బైబిల్లో ఎక్కడ అడిగినా గడగడా చెప్పేవాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు, శవపెట్టె మోయడానికి ఆరుగురు స్నేహితుల పేర్లు రాసివ్వమన్నారు పాస్టరుగారు. ముప్పై నాలుగేళ్లవాడు, కాగితం ముందేసుకుని పొద్దున్నించీ కూర్చున్నాడు. ఒక్క పేరూ రాయలేకపోయాడు. అంత్యక్రియల కంపెనీ మనుషులే మోశారు."

మార్లా హాలు వైపు చూసింది.

"ఏయ్ సాలీడూ, బుట్ట ఇటివ్వు. నువ్వొక్కదానివే తింటావా?" హాల్లోంచి టబితా గొంతు.

"నీకూ కాళ్లున్నాయిగా. రెండే అయినా పనికొస్తాయి, లేచొచ్చి తీసుకో," అంది కెజియా.

మళ్లీ నవ్వులు. ఈసారి వాటిలో కెజియా నవ్వూ వినబడింది. మార్లా కోట్లు కుర్చీ వీపుకు తగిలించి, గిన్నెలు అందుకుంది.

అందరూ వెళ్లాక డెల్ఫియా బల్లలు మడిచింది, నేల తుడిచింది, తాళం వేసింది.

ఆదివారం ఆరాధనకు ఆమె రాలేదు. పాస్టరుగారు ఇంటికి వెళ్లి చూస్తే, దుప్పటి గడ్డం దాకా కప్పుకుని, నిద్రలోనే పోయి ఉంది.

మంగళవారం బల్లలు పిల్లలే వేశారు. మార్లా కారు అందరికన్నా ముందు వచ్చింది. పాఠంలో రోండా ప్రశ్న అడిగినప్పుడు కెజియా పెదవి కొరుక్కుంటూ అటూ ఇటూ చూసింది. టబితా తప్పు చెప్పింది. ఇంకొకరు సరిదిద్దారు. కెజియా నోరు విప్పలేదు గాని, ముఖం మాత్రం వెలిగింది.

సాయంత్రం తల్లులు పాత్రలు తిరగేసి, అడుగున అంటించిన పేర్లు చూసుకుని, ఎవరివి వారు పట్టుకెళ్లారు. అరలో ఒక్క గాజు పాత్ర మిగిలింది. శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. దాని మీద తెల్ల టేపు, టేపు మీద తడికి అంచులు చెదిరిన అక్షరాల్లో, డెల్ఫియా.