యజమానికి మాత్రమే

ఉమాశ్రీకి మొదట్లో ఆ యాప్ అంటే చాలా ఇష్టంగా ఉండేది. హైటెక్ సిటీలో ఆమె పనిచేసే కంపెనీ ఒక కొత్త ఎలక్ట్రిక్ కారు కోసం దాన్ని తయారుచేస్తోంది. మొదటిసారి కరెంటు కారు కొన్నవాళ్లు బెదిరిపోకుండా వాడుకోగలగాలి. తెర మీద ఏం కనబడాలో, ఏ మాట ఎలా రాయాలో తేల్చడం ఉమాశ్రీ పని. యూనిట్లు, కిలోవాట్లు అన్నీ తీసేసి, "ఈ ఛార్జింగ్‌తో మేడ్చల్ దాకా వెళ్లి రావచ్చు" అని రాసింది. అది చూసి ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

తొలి విడత కార్లు కొన్నవాళ్లలో కొందరిని ఆఫీసుకు పిలిపించి, యాప్ ఎలా వాడుతున్నారో ఎదురుగా కూర్చుని చూసేవారు. అలా వచ్చింది మమత. బాచుపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. డ్రైవింగ్ ఈమధ్యే నేర్చుకుంది. అడిగినవన్నీ తడబడకుండా చేసి, ఫోన్ బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, నేను యాడున్ననో మా ఆయన ఫోన్ల కనబడుతది గదా. అది బంద్ చేసుకోవచ్చా?"

"కారు ఎవరి పేరు మీద ఉందండి?"

"ఆయన పేరు మీదనే."

"అయితే ఆయన ఫోన్లోనే మార్చాలండి. యజమానికి మాత్రమే ఆ వీలుంటుంది."

"అంటే ఆయన్నే అడగాలె." మమత ఫోన్ తీసి బ్యాగులో వేసుకుంది. "ఏం లేదు మేడం, ఊకెనే అడిగిన."

వెళ్లేటప్పుడు ఉమాశ్రీ తన నంబరు ఇచ్చింది. ఏ ఇబ్బంది వచ్చినా నాకే ఫోన్ చేయండి అని చెప్పింది.

ఆ సాయంత్రమే ఆమె అవినాష్ దగ్గరికి వెళ్లింది. యాప్ బాధ్యతంతా అతనిదే. నడిపేవాళ్లకు విడిగా ఒక ఖాతా ఇద్దామంది.

"ఒక కారు, ఒక యజమాని. అంతే ఉమా," అన్నాడు అవినాష్. "ఇది కొత్తవాళ్ల యాప్. కొన్నవాళ్లకొకటి, నడిపేవాళ్లకొకటి అని మొదలుపెడితే తొలి తెర దగ్గరే విసుగొస్తుంది జనానికి."

"ఆవిడ భయపడుతున్నట్టు అనిపించిందండి."

"ఒక్కావిడ. మిగతావాళ్లందరూ అదే బావుందన్నారు. పిల్ల కాలేజీకి చేరిందో లేదో తండ్రికి తెలుస్తుంది. డ్రైవరు ఎక్కడ తిరుగుతున్నాడో ఓనరుకి తెలుస్తుంది."

ఉమాశ్రీ మళ్లీ వాదించలేదు. ఆ వారమే దొంగల నుంచి కారును కాపాడే బటన్ పని మీద పడింది. ఎర్రగా, పెద్దగా పెట్టింది. దాని కింద మాట కూడా తనే రాసింది. "మీ కారు ఎవరైనా తీసుకెళ్తున్నారా? ఒక్కసారి నొక్కండి. ఆగిన చోటు నుంచి మళ్లీ కదలదు."

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మమత ఫోన్ చేసింది.

"మేడం, శామీర్‌పేట దాటినంక ఛార్జింగ్ కాడ ఉన్న. పెట్టిన కాసేపటికే ఛార్జింగ్ ఆగిపోయింది. కారు స్టార్ట్ అయితలేదు. 'యజమాని ఈ కారును ఆపారు' అని వస్తున్నది."

వెనక చంటిపిల్ల ఏడుపు వినబడుతోంది. ఉమాశ్రీ కుర్చీలోంచి లేచింది.

"ఎక్కడికి బయల్దేరారు?"

"సిద్దిపేట దగ్గర మా అమ్మోళ్ల ఊరికి. ఇగ మళ్ల రావొద్దనుకున్న. ఆయన బాలానగర్‌ల వర్క్‌షాపు కాడుంటడు, జల్ది ఎరుకైతదనుకోలే. ఫోన్ మీద ఫోన్ చేస్తుండు. ఇంటికాడ ఛార్జింగ్ పెట్టనియ్యలే మేడం, లేకుంటే ఆగేదాన్నే కాదు."

"కారు వదిలేసి ఆటో ఎక్కగలరా?"

"నా సర్టిఫికెట్లు, పాప బట్టలు డిక్కీల ఉన్నయి. అది గూడ తెరుచుకుంటలేదు. సర్టిఫికెట్లు లేకుంటే ఆడ నాకు నౌకరి ఎవరిస్తరు?"

"ఆగండి. నేను తెరిపిస్తాను. అక్కడే ఉండండి," అంది ఉమాశ్రీ.

ఆ మాట నమ్మి మమత అక్కడే ఉండిపోయింది.

అవినాష్ మీటింగులో ఉంటే తలుపు తోసుకుని వెళ్లి చెప్పింది. అతను కొట్టిపారేయలేదు. బయటికి వచ్చి విన్నాడు, కంపెనీ లాయరుకు ఫోన్ చేశాడు. తిరిగి వచ్చినప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"కుదరదు ఉమా. యజమాని కానివాళ్లు అడిగితే లాక్ తీసేస్తే, రేపు దొంగ అడిగినా తీయాలి. పోలీసులకి చెప్పమను."

ఉమాశ్రీ మమతకు ఫోన్ చేసింది. సామాను పోతే పోనీ, ఏదో ఒకటి ఎక్కేయండి అని చెబుదామనుకుంది. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. ఆమె క్యాబ్ ఎక్కి ఔటర్ రింగ్ రోడ్డు పట్టింది.

వెళ్లేసరికి కారు ఛార్జింగ్ అవుతోంది. మమత పక్క సీట్లో తల వంచుకుని కూర్చుని ఉంది. బయట ఒకతను పాపను భుజాన వేసుకుని చాయ్ తాగుతున్నాడు. ఉమాశ్రీ కంపెనీ నుంచి వచ్చానని చెప్పింది.

"రండి మేడం. నేను సంతోష్‌ను, కారు నాదే," అన్నాడతను, ఎంతో మర్యాదగా. "ఏం ఫికర్ లేదు, అంత సెట్ అయింది. యాప్ మంచిగ చేసిన్రు. నాకు చదువు అంతంత మాత్రమే. అయినా ఒక్క వేలుతోని పనైపోయింది. చాయ్ తాగుతరా?"

ఆమె అతన్ని దాటుకుని కారు కిటికీ దగ్గరికి వెళ్లింది. మమత చెంప కందిపోయి ఉంది.

"నాతో వచ్చేయండి. పోలీసులకి ఫోన్ చేస్తాను," అంది మెల్లగా.

మమత అద్దంలోంచి వెనక్కి చూసింది. "పాప ఆయన చేతుల ఉన్నది మేడం. ఇడువడు. మీరు పోండ్రి. ఇంక ఎక్కువైతది."

ఛార్జింగ్ నిండాక సంతోష్ పాపను మమత ఒళ్లో పెట్టి, డ్రైవింగ్ సీట్లో కూర్చున్నాడు. వెళుతూ ఉమాశ్రీకి చెయ్యి ఊపాడు. కారు చప్పుడు లేకుండా హైదరాబాద్ వైపు తిరిగింది. పుప్పాలగూడలోని ఫ్లాటుకు చేరే దాకా, పోలీసులకు చెప్పాలా వద్దా అని ఉమాశ్రీ ఫోన్ చేతిలో పట్టుకునే ఉంది. మమత వద్దంది కదా అనుకుని చివరికి పక్కన పెట్టేసింది.

కొన్ని వారాల తర్వాత మమత నంబరు నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది మమత కాదు, ఎవరో పెద్దావిడ.

"నేను మమత తల్లిని బిడ్డా, లక్ష్మమ్మను. దవాఖానల ఉన్నం. అల్లుడు కొడితే దాని దవడ ఇరిగింది, వైర్లేసి కట్టిన్రు. మాట్లాడరాదు. నీ పేరు చూపిచ్చి ఫోన్ చెయ్యమని సైగ చేస్తున్నది. పాపను కార్ల ఏసుకొని పోయిండు. నిన్నటిసంది జాడ లేదు. ఆ కారు యాడున్నదో నీకు కనబడుతదా?"

"నాకు కనబడదమ్మా. యజమానికే కనబడుతుంది."

"నా బిడ్డ యాడున్నదో ఆయనకు కనబడ్డది గద. మరి నా బిడ్డకు దాని బిడ్డ కనబడొద్దా?"

ఉమాశ్రీ ఏ దవాఖానో అడిగి, వస్తున్నానని చెప్పింది.

ఈసారి ఆమె ఎవరినీ అడగలేదు. లక్ష్మమ్మను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, ఫిర్యాదు ఇప్పించి, కారు జాడ చెప్పమని కంపెనీకి పోలీసులు రాసేదాకా అక్కడి బెంచీ మీదే కూర్చుంది. అది అందగానే అవినాష్ తనే దగ్గరుండి వివరాలు తీయించాడు. కారు మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలు వెనక నిలబెట్టి ఉంది. లోపల ఎవరూ లేరు. వెనక సీట్లో పాప పాలసీసా పులిసిపోయి కనిపించింది.

పాపను ఆ తర్వాత కరీంనగర్‌లో సంతోష్ అక్క ఇంట్లో పోలీసులు కనుక్కున్నారు. క్షేమంగానే ఉంది. సంతోష్‌ను అరెస్టు చేసినా త్వరగానే బెయిలు మీద బయటికి వచ్చాడు. పిల్ల తల్లికా తండ్రికా అన్నది కోర్టుకెక్కింది. అది తేలేదాకా పాప మేనత్త దగ్గరే ఉంటుందని, మమతకు వారానికొకసారి చూడనిస్తామని అన్నారు.

నడిపేవాళ్లకు వేరే ఖాతా ఇవ్వడానికి అవినాష్ ఒప్పుకున్నాడు. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఈలోపు యాప్ అందరికీ విడుదలైంది. వాడకం చాలా సులువుగా ఉందని జనం రాస్తున్నారు.

దవడ ఇంకా అతకని మమతను చూడడానికి ఉమాశ్రీ ఒక ఆదివారం దవాఖానకు వెళ్లింది. మంచం పక్కన కూర్చుని, యాప్‌లో ఏం మారుస్తున్నారో, ఇకముందు నడిపేవాళ్లే తమ జాడ ఎలా దాచుకోవచ్చో వివరంగా చెప్పింది. చెబుతున్నకొద్దీ తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది. మమత చివరిదాకా విన్నది. తర్వాత మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది.