లతీఫ్ మేడ మీద ఆదివారాలు

కోరుట్ల పాత బస్టాండు వెనక గల్లీలో లతీఫుద్దీన్‌కు మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కింద కాలిపోయిన బోరు మోటార్లు, రాగితీగ చుట్టలు. మీద ఒకే ఒక్క గది. కార్ల రేసు ఉన్న ఆదివారం సాయంత్రం ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. జగిత్యాల నుంచి ముగ్గురు నలుగురు, మెట్‌పల్లి నుంచి మందుల దుకాణం బాలకిషన్, సిరిసిల్ల నుంచి మరమగ్గాలు బాగుచేసే రాకేశ్, మిగతా అంతా కోరుట్ల వాళ్లు. రాకేశ్ రెండు బస్సులు మారి వచ్చి, ఆ పూట దుకాణంలోనే పడుకుని తెల్లారి పోయేవాడు. ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూడొచ్చు కదా అని వాళ్లమ్మ అడిగితే, "ఫోన్ల దివాకరన్న ఉండడు గదమ్మా" అన్నాడట.

దివాకర్ ఆ గదికి పెద్ద. బహ్రెయిన్‌లో ఏడేళ్లు బస్సు నడిపి వచ్చినవాడు. అక్కడ ఏటా రేసు జరిగే మూడు రోజులూ పార్కింగ్ నుంచి ట్రాక్ గేటు దాకా జనాన్ని చేరవేయడం అతని డ్యూటీ. నాలుగేళ్లు గోడ ఇవతల నిలబడి చప్పుడు మాత్రమే విన్నాడు. ఐదో ఏడు, కొడుక్కి జ్వరం వచ్చిందని మధ్యలో వెళ్లిపోతున్న ఒకాయన తన మెడలోని పాసు తీసి దివాకర్ మెడలో వేశాడు. అట్లా చివరి పన్నెండు చుట్లు కళ్లారా చూశాడు. ఆ పన్నెండు చుట్ల ముచ్చట కోరుట్లలో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఎవరూ ఇంక చాలు అనలేదు.

తిరిగొచ్చాక జగిత్యాల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో బస్సు డ్రైవరుగా చేరాడు. పొద్దున మెట్‌పల్లిలో మొదలుపెట్టి కోరుట్ల మీదుగా పిల్లల్ని ఎక్కించుకుపోవడం, సాయంత్రం దింపడం. ఆదివారం వస్తే మేడ మీది గదిలో టీవీకి ఎదురుగా, నట్టనడుమ అతని కుర్చీ. ఏ బండికి టైర్లు అరిగాయో, ఎవడు ఏ మలుపులో ముందుకు దూకుతాడో రెండు చుట్లు ముందే చెప్పేవాడు. అతను చెప్పినట్టే జరిగితే గది హోరెత్తిపోయేది. గెలిచిన బండి తరఫు వాళ్లు అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాలి. గోలీసోడాలు ఊపి కిటికీలోంచి గల్లీలోకి చిమ్మేవాళ్లు. లతీఫ్ భార్య మహమూదా బేగం కింద నుంచి తిట్టేది, ఆ తర్వాత అందరికీ చాయ్ పంపేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం. ఇంకా మూడు చుట్లే ఉన్నాయి. ఎర్ర బండి ముందుంది. ఒక్కసారిగా గదిలో అందరూ లేచి అరిచారు. దివాకర్ కూర్చునే ఉన్నాడు.

"ఏమైందిరా?" అన్నాడు.

"ఏమైంది అంటవేందన్నా? ఎడమ దిక్కు నుంచి నారింజ బండి దూరింది. ఎర్రదాన్ని దాటిపాయె" అన్నాడు రాకేశ్.

దివాకర్ తల తిప్పి చూశాడు. నారింజ బండి నిజంగానే ముందుంది. అది ఎప్పుడు వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలియలేదు. రెప్ప వేసినట్టు కూడా గుర్తులేదు. "చాయ్ దిక్కు చూసిన" అని నవ్వాడు. చాయ్ అప్పటికి రానేలేదు.

అది లతీఫ్ పెద్దకూతురు హుమేరా గమనించింది. జగిత్యాలలో ఒక కంటి దవాఖానాలో పరీక్షలు చేసే ఉద్యోగం ఆమెది. అంతకుముందు రెండు మూడు వారాలుగా ఆమె చూస్తూనే ఉంది. ఎడమ పక్క నుంచి చాయ్ గ్లాసు ఇస్తే దివాకర్ అందుకోవడం లేదు, పేరు పెట్టి పిలిస్తే మొత్తం ఒళ్లు తిప్పి చూస్తున్నాడు. ఆ ఆదివారం అందరూ మెట్లు దిగుతుంటే ఆమె అతని పక్కన నడిచింది.

"దివాకర్ చిచ్చా, బుధవారం మా దవాఖానాకు రా. ఊకెనే చూద్దాం."

"నా కండ్లకేమైంది బిడ్డా? బోర్డు మీద ఆఖరి లైను అక్షరాలు గూడ చదువుత."

"చదువుతవ్. అయినా రా."

బుధవారం సెలవు పెట్టి వెళ్లాడు. హుమేరా అతన్ని చీకటి గదిలో ఒక తెల్లటి గిన్నెలాంటి మిషన్ ముందు కూర్చోబెట్టింది. ఒక కన్ను మూసి చేతికి బటన్ ఇచ్చింది. నడుమ ఉన్న చుక్కనే చూడాలి, చుట్టుపక్కల ఎక్కడ లైటు మెరిసినా నొక్కాలి. దివాకర్ నొక్కాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

"బిడ్డా, మిషన్ ఆగినట్టుంది. లైట్లు అత్తలేవు."

మిషన్ ఆగలేదు. లైట్లు వస్తూనే ఉన్నాయి.

డాక్టరమ్మ కాగితం చూసి, మందు వేసి, కంటి లోపల చూసి నెమ్మదిగా చెప్పింది. నీటికాసులు. నొప్పి ఉండదు, ఎర్రబడదు, అంచుల నుంచి చూపును తినుకుంటూ వస్తుంది. పోయిన చూపు ఏ ఆపరేషన్‌తోనూ తిరిగి రాదు. మిగిలినదాన్ని కాపాడుకోవడానికి రోజూ చుక్కల మందు. అది కూడా ఎన్నాళ్లు కాపాడుతుందో చెప్పలేం.

"ఏం పని చేస్తరు?" అని అడిగింది.

"చిన్న దుకాణం ఉందమ్మా" అన్నాడు దివాకర్. హుమేరా ఉలిక్కిపడి అతని దిక్కు చూసింది.

బయట వరండాలో హుమేరా అతన్ని ఆపింది. "చిచ్చా, నువ్వు రేపు బస్సు ఎక్కద్దు."

"గీ ఒక్క నెల బిడ్డా. దసరా సెలవులిస్తరు. అప్పుడు నేనే మానేత్త. ఇంట్ల మీ శాంత చిన్నమ్మకు ఎట్ల చెప్పాలె? బీడీలు చేసి చేసి ఆమె వేళ్లు ఒంగుతలేవు. నాకు డ్రైవింగు తప్ప ఏం పని వచ్చు?"

హుమేరా చిన్నప్పుడు బహ్రెయిన్ నుంచి సెలవుకు వచ్చినప్పుడల్లా ఖర్జూరాల డబ్బా ముందు ఆమె చేతికిచ్చి తర్వాతే ఇంటికి పోయిన మనిషి. ఆమె పరీక్ష కాగితాలు మడిచి అతని చేతికిచ్చింది.

"ఆదివారం దాకా టైం ఇస్తున్న. నువ్వే చెప్పు. లేకుంటే సోమవారం నేనే కాలేజీకి ఫోన్ చేస్త."

గురువారం దివాకర్ మరీ నెమ్మదిగా నడిపాడు. అద్దాల్లోకి పదేపదే తల తిప్పి చూసుకున్నాడు. ఏమీ కాలేదు. సాయంత్రం బస్సు షెడ్డులో పెట్టి, ఇంత జాగ్రత్తగా ఉంటే నెలేం ఖర్మ, ఏడాదైనా నెట్టుకురావచ్చు అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున మేడిపల్లి దాటాక ఎదురుగా లారీ వచ్చింది. దానికి దారి ఇస్తూ దివాకర్ బస్సును ఎడమకు తీశాడు. రేకు నలిగిన చప్పుడు వినపడింది. వెనక పిల్లలు కేకలు వేశారు. బ్రేకు కొట్టి దిగి చూస్తే రోడ్డు అంచున మోపెడ్ ఒరిగి ఉంది, దాని కింద ఒక మనిషి. మోపెడ్‌కు కట్టిన డబ్బాలు పగిలి కల్లు తెల్లగా మట్టిలోకి పారుతోంది. ఆ మనిషి పేరు మొండయ్య. గీత కార్మికుడు, యాభై దాటినవాడు. అతని తొడ ఉండాల్సిన తీరులో లేదు.

పిల్లలే 108కు ఫోన్ చేశారు, దుపట్టాలతో కాలు కట్టారు. పోలీసులు వచ్చాక వాళ్లే సాక్ష్యమూ చెప్పారు. "మా దివాకరన్న తప్పు కాదు సార్. ఆయన ఎన్నడు స్పీడ్ పోడు."

ఎస్సై దివాకర్‌ను అడిగాడు. "నువ్వేమంటవ్?"

"నాకు కనవడలేదు సార్."

"ఎట్ల కనవడతడు? పొలం బాట నుంచి ఒక్కసారి రోడ్డెక్కిండాయె. ఒళ్లంత కల్లు వాసన" అంటూ ఎస్సై అదే రాసుకున్నాడు. దివాకర్ సంతకం పెట్టాడు. తాను అబద్ధం చెప్పలేదని ఆ పగలంతా తనకు తాను చెప్పుకున్నాడు. సాయంత్రం శాంత అన్నం పెడితే ముద్ద నోటి దాకా పోలేదు.

"పిల్లలెవలికేం కాలేదని అంటున్నరు గదయ్యా, ఇంకెందుకు రంది?" అంది శాంత.

"ఆయనకు కాలిరిగింది" అన్నాడు దివాకర్.

ఆదివారం రేసు ఉంది. వెళ్లకూడదనుకున్నాడు, కానీ కాళ్లు అటే నడిచాయి. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. రాకేశ్ సిరిసిల్ల నుంచి ఒక శాలువా తెచ్చాడు. "వేరే డ్రైవరైతే ఆ లారీ కిందికి పోతుండె. యాభై మంది పిల్లలను కాపాడిండు మా అన్న" అని కప్పాడు. చప్పట్లు కొట్టారు. టీవీలో బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అప్పుడే హుమేరా చాయ్ పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. ఆమె దివాకర్‌ను చూడలేదు, శాలువాను చూసింది.

"గా మోపెడాయన అడ్డం రాలేదు" అన్నాడు దివాకర్. "నాకు ఎడమ దిక్కు చూపు లేదు. కుడి దిక్కు గూడ పోతున్నది."

ఎవరికీ అర్థం కాలేదు. అతను మళ్లీ మొదటి నుంచి చెప్పాడు, మిషన్ సంగతి, డాక్టరమ్మ చెప్పిన సంగతి.

రాకేశ్ అడిగాడు. "నీకు ఎప్పుడు తెలిసిందన్నా?"

"బుధవారం."

"తెల్సినంక గూడ బస్సు తోలినవా?"

"తోలిన. రెండు రోజులు."

మందుల దుకాణం బాలకిషన్ నెమ్మదిగా లేచాడు. "మా బిడ్డ సృజన నీ బస్సులనే పోతది దివాకర్" అన్నాడు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుని దిగిపోయాడు. అతని వెనక జగిత్యాల వాళ్లూ, వాళ్ల వెనక కోరుట్ల వాళ్లూ లేచారు.

హుమేరా పళ్లెం కింద పెట్టి తండ్రి దిక్కు తిరిగింది. "నాకు గూడ తెలుసు అబ్బా. పరీక్ష నేనే చేసిన. ఆదివారం దాకా ఆగిన."

లతీఫ్ కూతురి మొహం చూశాడు, దివాకర్ మొహం చూశాడు. రిమోట్ తీసుకుని టీవీ చప్పుడు మొత్తం తగ్గించాడు, టీవీని మాత్రం ఆపలేదు. బండ్లు శబ్దం లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఆ రేసు ఎవరు గెలిచారో గదిలో మిగిలిన నలుగురిలో ఎవరూ చూడలేదు.

సోమవారం దివాకర్ స్టేషనుకు వెళ్లి దవాఖానా కాగితాలు టేబుల్ మీద పెట్టాడు. ఎస్సైకి కోపం వచ్చింది. అయిపోయిన కేసును మళ్లీ ఎందుకు తిప్పుతున్నావన్నాడు. అయినా రాసుకున్నాడు, లైసెన్సు తీసుకున్నాడు. కాలేజీ వాళ్లు ఆ మధ్యాహ్నమే ఇక పనికి రావద్దన్నారు. శాంత బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆ రోజు ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

ఆ తర్వాత మొండయ్యను చూడటానికి జగిత్యాల దవాఖానాకు వెళ్లాడు. తొడలో రాడ్డు వేశారు. మోకాలు ఇక ఒంగదన్నారు. పక్కన అతని భార్య సత్యవ్వ కూర్చుని ఉంది. దివాకర్ తానెవరో చెప్పాడు, తప్పు తనదని చెప్పాడు, స్టేషన్లో కూడా చెప్పివచ్చానన్నాడు.

మొండయ్య పైకప్పు చూస్తూ అన్నాడు. "నేను తాగి నడిపిన్నని ఊరంత అన్నరు. పొద్దుగాల తాగే అలవాటు నాకు లేదు. గా మాట ఒకటి తీసేసినవ్, మంచిదే." తర్వాత దివాకర్ దిక్కు తిరిగి అడిగాడు. "నువ్వు ఇయ్యాల చెప్తివి గదా. మరి నా కాలు ఒంగుతదా?"

"ఒంగదన్నా."

"మోకాలు ఒంగకుంటే చెట్టెట్ల ఎక్కాలె?"

నెల తర్వాత దివాకర్ అతని ఇంటికి వెళ్లాడు. మొండయ్య చెట్లు అప్పటికి ఇంకొకరు గీస్తున్నారు. మూడోసారి వెళ్లినప్పుడు మొండయ్య వాకిట్లోనే ఆపేశాడు. కోపంగా కాదు, అలిసిపోయినట్టు అన్నాడు. "నువ్వు అచ్చి పోయినంక సత్యవ్వ రెండు రోజులు మనిషి కాదు. ఇంక రాకు తమ్మీ."

హుమేరా ఉద్యోగం మానలేదు. చుక్కల మందు తీసుకోవడానికి పోయినప్పుడు ఒకసారి దివాకర్ ఆమెతో, నీ తప్పేం లేదు బిడ్డా, అన్నాడు.

"ఒక్క ఫోన్ చిచ్చా. రెండు నిమిషాల పని" అందామె. సీసా మీద మందు వేసుకునే వేళలు రాసి అతని చేతికిచ్చి, తర్వాతి మనిషిని పిలిచింది.

డిసెంబరు మొదటి ఆదివారం, ఆ ఏడాదికి చివరి రేసు. సాయంత్రం ఐదున్నరకు లతీఫ్ బండి మీద దివాకర్ ఇంటికి వచ్చాడు.

"పా దివాకర్, రేసు షురూ అయితది."

"ఇంకెవలు అత్తున్నరు?"

లతీఫ్ గుమ్మం పక్కన అరుగు మీద కూర్చున్నాడు. "ఎవలు రారు. జగిత్యాలోళ్లు అక్కడ్నే ఒక హోటల్ల చూస్తున్నరట. మన ఊరోళ్లు ఇంట్లనే చూస్తమన్నరు. రాకేశ్ ఫోన్ ఎత్తుతలేడు. మెట్‌పల్లాయన సంగతి నీకు ఎరికే."

"మరి నన్నెందుకు పిలుత్తున్నవ్ లతీఫ్ భాయ్? నాకు టీవీల నడుమ ఇంత మందమే కనవడతది. ఎవడు ముంగట ఉన్నడో, ఎవడు ఎనుక ఉన్నడో తెల్వది."

"నేను చెప్తా గద."

"నీకేం తెలుసు రేసు? నువ్వు బజ్జీలు తినుకుంట కూసునేటోనివి."

లతీఫ్ నవ్వబోయి ఆగిపోయాడు. లోపలి నుంచి శాంత రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఇద్దరూ తాగారు. ఎండ గోడ మీది నుంచి దిగిపోయింది. లతీఫ్ గడియారం చూసుకోలేదు, దివాకర్ కూడా ఎంతైందని అడగలేదు. రేసు మొదలయ్యే ఉంటుంది అనుకునే వేళకు లతీఫ్ లేచి బండి స్టార్టు చేశాడు. గల్లీ మలుపు తిరిగేదాకా దివాకర్ ఆ చప్పుడు విన్నాడు. తర్వాత గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. బీడీ ఆకులు కత్తిరిస్తున్న శాంత, అతను కూర్చోవడానికి చాట పక్కకు జరిపింది.