పగిలిన కుండకు పట్టాభిషేకం

నేను ఒక ఇనుప బాణలిని. అసూయ నాకు కొలిమిలో అబ్బింది కాదు, బడిలో అబ్బింది. బొబ్బిలి దగ్గర ఒక కమ్మరి నన్ను కాల్చి, సాగగొట్టి, రెండు చెవులు అతికించాడు. బస్టాండులో బజ్జీల చంద్రయ్య దగ్గర కొన్నేళ్ళు కాగాను. ఆయన కొట్టు ఎత్తేశాక ఈ ఆడపిల్లల హాస్టలు బడికి వచ్చి, వంటమనిషి పైడితల్లి గరిటె దెబ్బలు తింటున్నాను. నాలో వండింది తిన్నవాళ్ళే గాని, నన్ను చూసినవాళ్ళు లేరు.

ఒకనాడు సోషల్ టీచరు హైమావతి గారు పైడితల్లిని అడిగి నన్ను తరగతికి తీసుకెళ్ళారు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడెక్కి అమెరికా తీరం చేరిన పిల్‌గ్రిములూ, ఆ నేల మీద తరతరాలుగా ఉంటున్న వాంపనోగ్ ప్రజలూ రోజులు ఎలా గడిపేవారన్నది పాఠం.

"వేషాలు కట్టొద్దు, తలలో ఈకలు పెట్టొద్దు. వాళ్ళు రోజూ చేసిన పనులు మనమూ చేసి చూద్దాం" అన్నారామె.

ఇనుప పాత్ర పిల్‌గ్రిములది, మట్టికుండ వాంపనోగ్‌లది. పాఠం అయ్యాక పిల్లలు మెచ్చిన పాత్రను హాల్లో అద్దాల బీరువాలో పెడతామన్నారు. సముద్రం ముఖం చూడని నేను అప్పుడే ఓడ దిగినంత గర్వపడ్డాను. ఆ బీరువా నాదే అనుకున్నాను.

అంతలో కుండ వచ్చింది. కుమ్మరివీధిలో మొన్ననే కాల్చారట, ఒంటిమీద ఇంకా మసి కూడా లేదు. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. వాంపనోగ్‌ల పద్ధతిలో పెరట్లో చేపను పాతి దాని మీద మొక్కజొన్న నాటారు, రోట్లో గింజలు దంచారు, ఆ రవ్వ కుండలో జావగా కాచారు. పక్క పొయ్యి మీద నాలో బఠాణీలు ఉడుకుతుంటే మూత తీసి చూసిన పిల్ల లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. కింద మంట కన్నా నా కడుపుమంటే ఎక్కువైంది.

"టీచర్, ఆళ్ళిప్పుడు నేరా?" అని అడిగింది పావని అనే పిల్ల.

"ఎందుకు లేరు? అక్కడే ఉన్నారు. వాళ్ళ పిల్లలూ మీలాగే బడికెళ్తారు."

ఆ మాటతో పావని కుండకు మరీ దగ్గరగా జరిగింది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇది పగిలిపోతే బాగుణ్ణని మనసారా కోరుకున్నాను.

జావ చిక్కబడింది. పావని ఆత్రంగా చెంబెడు చన్నీళ్ళు గుమ్మరించింది. కాగిన కుండ ఠప్పున చీలింది. పైడితల్లి గుడ్డతో పట్టి, మిగిలిన జావ నా బఠాణీల మీదే వంచేసింది. అందరూ నా చుట్టూ చేరారు. నాకు పండగే.

"బాణలి ఓడలో వచ్చింది గాని, ఈ గింజ ఎలా నాటాలో పిల్‌గ్రిములకు నేర్పింది వాంపనోగ్‌లే" అన్నారు టీచరు. నాలో ఉన్నదానికీ పేరు ఆ కుండవైపుకే పోయింది.

పావని ఏడుస్తూ పెంకులు ఏరుతోంది. టీచరు పక్కన కూర్చున్నారు.

"ఏడవకమ్మా. అప్పటివాళ్ళు ఏం తిన్నారో మనకెలా తెలిసిందనుకున్నావ్? మట్టి తవ్వితే ఇలాంటి పెంకులే దొరికాయి. మసి చూసి, అంటుకున్న మెతుకు చూసి కనిపెట్టారు."

అంతే, బీరువాలో ఏది పెడదామని అడగ్గానే చేతులన్నీ పెంకులకే లేచాయి.

"మరి బాణలో?" అన్నారెవరో.

"అది నాకిచ్చీయండమ్మా. సాయంత్రం పకోడీలు నా నెత్తి మీద ఏయమంటారేటి?" అంది పైడితల్లి.

ఇప్పుడు వంటగది కిటికీలోంచి ఆ బీరువా కనిపిస్తుంది. బడికి ఎవరొచ్చినా పావని ఒక్కో పెంకూ చూపించి పాఠం చెబుతుంది. మొన్న పైడితల్లి చేయి జారి నేనూ బండ మీద పడ్డాను. నాకు ఎక్కడలేని ఆశ పుట్టింది. సొట్ట పడిందంతే. ఆవిడ దాన్ని సుత్తితో సరిచేసి మళ్ళీ పొయ్యెక్కించింది. ఇనుముకు పగిలే యోగమైనా లేదు.