రెండోసారి బోనులో

బట్టలు కుట్టే ఆమె దుకాణం మెట్ల పక్కనే ఉంటుంది. పై అంతస్తులో కాపురముండే ఎలక్ట్రీషియన్ తన బావను మెట్ల మీద నుంచి తోసినప్పుడు చూసింది ఆమె ఒక్కతే. బావ తల పగిలింది గాని ప్రాణం దక్కింది. గాయపరిచాడని కేసు పెట్టారు. ఆమె సాక్ష్యం పది నిమిషాల్లో తేలిపోయింది. "తోశాడా?" అని అడిగారు, "తోశాడు" అంది. మధ్యాహ్నానికల్లా దుకాణంలో మిషను ముందు కూర్చుంది.

విచారణ సాగుతుండగానే, ఎనిమిది నెలలు మంచాన పడి ఉన్న బావ ఆ దెబ్బతోనే చనిపోయాడు. కోర్టు అభియోగాన్ని హత్యగా మార్చింది. నేరం మారింది కాబట్టి పాత సాక్షులను మళ్ళీ పిలిచి ప్రశ్నించవచ్చని ఇరుపక్షాలకూ చెప్పింది. ఆమెకు సమన్లు వచ్చాయి.

"చెప్పిందే మళ్ళీ చెప్పాలా? వీళ్ళకేం పనీపాటా లేదా?" అని విసుక్కుంది.

"ఆ ముక్కే చెప్పేసి రా. కొత్తగా ఏదైనా కలిపావంటే మనమే ఇరుక్కుంటాం," అన్నాడు భర్త.

బోనెక్కాక నిందితుడి లాయరు మొదటిసారి అడగని ప్రశ్న అడిగాడు. "తోయకముందు ఏం జరిగిందమ్మా?"

ఆమె తల తిప్పి చూసింది. భర్త వెనక బెంచీలోనే ఉన్నాడు.

"ఆ బావగారు ఇతని గొంతు పట్టుకున్నాడండీ. విడిపించుకోడానికి ఇతను తోశాడు."

ప్రభుత్వ లాయరు లేచాడు. "పోయినసారి ఈ మాట ఎందుకు చెప్పలేదు? ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. తోశాడా అంటే తోశాడన్నాను. ఇంతదాకా వస్తుందనుకోలేదు. గబగబా చెప్పేసి వెళ్ళిపోదామనుకున్నాను. తప్పు నాదే."

జడ్జి ఆ చివరి మాట కూడా రాయించాడు.

హత్యానేరం నిలబడలేదు. చంపే ఉద్దేశం లేదు గాని అవసరానికి మించి బలం వాడాడని మూడేళ్ళ శిక్ష వేశారు.

వారం తర్వాత చనిపోయినతని భార్య దుకాణానికి వచ్చింది. ఆమె ఎలక్ట్రీషియన్‌కు సొంత అక్క. అటు మొగుడు, ఇటు తమ్ముడు; ఇన్నాళ్ళూ ఎవరి తరఫునా నోరు విప్పలేదు.

"నిజంగా ఆయనే ముందు పట్టుకున్నాడా?"

"అవునక్కా."

"రెండు చేతులతోనా?"

"రెండు చేతులతో."

ఆ అక్క చెయ్యి తన మెడ మీదికి వెళ్ళింది. "ఆ పట్టు నాకు తెలుసు," అంది.

కుట్టే ఆమె స్టూలు ముందుకు జరిపింది. ఆ అక్క కూర్చోకుండానే వెళ్ళిపోయింది.