దానమ్మ కట్టిన పాట

భావనపాడు ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తున్న ఆడవాళ్ల మధ్యకి మైకు కట్టిన ఆటో వచ్చింది. అందులోని పాట వినగానే దానమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ పాట ఆమెదే. మూడేళ్ల కిందట మందుల కంపెనీ గొట్టం సముద్రంలోకి మురుగు వదిలి, ఒడ్డంతా చేపలు వెల్లకిలా తేలిననాడు ఏడుస్తూ కట్టుకున్న పాట.

"సంద్రమమ్మ మనకు కూడెట్టిన తల్లి
తల్లికి ఇసమెట్టేటోడెవడురా?"

ఆటోలో ఏదో పట్నం గొంతు దాన్ని ఇలా పాడుతోంది:

"తల్లికి సీరెట్టే దొరొచ్చినాడురా!"

తర్వాత చాటింపు. వచ్చే నెల కంపెనీ విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ, అందరూ తరలి రావాలట.

"పాటని ఆళ్లకి అమ్మీసినావేటే?" గురమ్మ మొహమ్మీదే అడిగేసింది.

అమ్మలేదు. కిందటేడు నరసింగరావనే రికార్డింగు మనిషి వచ్చి, పల్లె పాటలు పదికాలాలు దాచిపెడతామని పాడించుకుని, ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, దాని నకలొకటి చేతిలో పెట్టి పోయాడు. మహిళా సంఘం కార్యదర్శి దేవి ఫోనులో వెతికితే, పాట కింద 'రచన: జానపదం' అని ఉంది.

"అంటే ఏటే?"

"ఎవురు కట్టినారో తెలీదని, పిన్నీ."

"నాను సచ్చిపోనానేటి? కళ్లెదురుగా ఉన్నాను గదే!"

ఆ సాయంత్రం సంఘం షెడ్డు నిండిపోయింది. ఒకప్పుడు పడవ నడిపిన ముసలి సరంగు గంగులు లేచాడు. "గొట్టం ఆపించలేక సస్తంటే పాట గొడవేటి మనకి? పేరెట్టుకుంటే వలలో సేప పడతాదేటి?"

దానమ్మకి కోపం నషాళానికి అంటింది. "పేరు పోతే పోనీ మావా! నా మాటతోటే ఆ కంపినీవోడు తనకి జై కొట్టించుకుంటన్నాడు. రేపు నీ మనవలు ఈ పాటే నేర్సుకుంటారు. ఇసమెట్టినోడే సీరెట్టినాడనుకుంటారు. అప్పుడు గొట్టం ఎవురాపుతారు?"

గంగులు మొలలోంచి వంద నోటు తీసి, లాయరు ఖర్చుకని దేవి చేతిలో పెట్టాడు.

శ్రీకాకుళంలో లాయరు రాజకుమారి ఒప్పంద కాగితం రెండుసార్లు చదివింది. "దీంతోనే నరసింగరావు మీ పాటని కంపెనీకి అమ్ముకుని ఉంటాడు. కానీ హక్కులన్నీ రాసిచ్చేసినా రెండు మిగుల్తాయమ్మా. ఇది నాదని చెప్పుకునే హక్కు, నా పరువు పోయేలా దాన్ని మార్చారని కోర్టుకెక్కే హక్కు. చట్టంలోనే ఉంది. అయితే మీరే కట్టారని రుజువు కావాలి. ఇందులో మిమ్మల్ని 'గాయని' అని మాత్రమే రాశారు."

రుజువెక్కడిది? సముద్రం ఎదురుగా కట్టిన పాటకి రసీదు ఎవరిస్తారు? "పాట పోతే కేసేటమ్మా?" అని స్టేషన్లో నవ్వారు. కలెక్టరాఫీసులో అర్జీ పెడితే నంబరు ఇచ్చి పంపించారు. రాజకుమారి కేసు వేస్తే, కోర్టులో కంపెనీ వకీలు, అది తాతల నాటి పాట, దానికి కర్త లేడన్నాడు. వారానికి వాయిదా పడింది. మళ్లీ పడింది. గొట్టం మాత్రం ఒక్కపూటా ఆగలేదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు వచ్చింది. షామియానా కింద అధికారులు, చుట్టూ పోలీసులు, మైకులో అదే దొంగపాట. దానమ్మ మాట్లాడతానంటే పేరు జాబితాలో లేదన్నారు. ఆమె కుర్చీ ఎక్కి గొంతెత్తింది. "ఇసమెట్టేటోడెవడురా?" అని రెండొందలమంది ఆడవాళ్లు అందుకున్నారు. మైకు శబ్దం పెంచారు. జనం అంతకన్నా పెంచారు. అధికారులు ఫైళ్లు సర్దుకుని లేచిపోయారు.

"ఎవరిదే ఈ పాట?" ఎస్సై అరిచాడు.

పేరు చెబితే జైలే. దేవి దానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "సెప్పకు పిన్నీ."

"నాదే. నానే కట్టాను."

జీపెక్కించారు.

రాజకుమారి స్టేషన్‌కి పరుగున వచ్చి ఎఫ్ఐఆర్ అడిగింది. చదువుతూ ఒకచోట ఆగిపోయింది. 'తాను స్వయంగా రచించిన పాటతో జనాన్ని రెచ్చగొట్టిన దానమ్మ...' ఫిర్యాదు చేసింది కంపెనీ మేనేజరు మురళీమోహన్. కింద అతని సంతకం.

"కోర్టులో కంపెనీవాళ్లు ఈ పాటకి కర్త లేడన్నారు. ఇక్కడ వాళ్ల మేనేజరే దానమ్మ కట్టిందని రాసిచ్చాడు. ఇక రుజువు దొరికినట్టే," అంది. ఎస్సై ఆ కాగితం వెనక్కి లాక్కోబోయాడు. దేవి అప్పటికే ఫోటో తీసేసింది.

బెయిలు ఆ రోజు రాలేదు. గేటు బయట జనం కదల్లేదు. అందరికంటే ముందు నిలబడి గంగులు అరిచాడు: "ఇది మా దానమ్మ కట్టిన పాట!" పాడటం మొదలెట్టి, చివరి చరణందాకా వచ్చాడు.

"మొక్కితే పోదు ఇసం, కలబడితే పోతాదిరా!"

లోపల్నుంచి దానమ్మ ఊచలు పట్టుకుని కేకేసింది. "మొక్కితే గాదు మావా, ఏడిస్తే! ఏడిస్తే పోదు ఇసం! నాను కట్టినట్టు పాడండి!"

బయట రెండొందల గొంతులు పాటను మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాయి.